రైలుపెట్టె బొమ్మకు తెలుగేల?

మన పాఠశాలలో శనివారము నాడు కడపటి రెండు గంటలు పిల్లలు రైలుపెట్టె నమూనాను కూర్చుటలో గడుపుచున్నారని తెలిసి కొందరు తల్లిదండ్రులు ఆక్షేపణ తెలిపియున్నారు. పదవ తరగతి దగ్గరపడుచుండగా ఈ బొమ్మలాట లేమని ఒకరు అడిగిరి. లెక్కలకు ట్యూషను పెట్టవలసిన వేళ ఇదియా అని మరియొకరు అడిగిరి. వేరొక తండ్రి అడిగిన ప్రశ్న నాకు ఈ రెంటికంటె గట్టిదిగా తోచినది. "ఆ డబ్బాలోని కాగితము ఇంగ్లీషులో నున్నది. వీధిలో మాట్లాడునది కన్నడము. రేపు మావానికి పని దొరకినను ఆ రెంటిలోనే దొరకును. మధ్య దీనికి తెలుగేల?" అని ఆయన అడిగెను. ఈ మూడవ ప్రశ్నకే ఇచ్చట జవాబు చెప్పదలచితిని. మొదటి రెంటికి జవాబు మాటలో మాటగా వచ్చును.

విషయము తెలియనివారి కొరకు ముందుగా నాలుగు మాటలు. నిరుడు మన పూర్వవిద్యార్థి యొకడు అమెరికా నుండి సెలవులకు వచ్చినపుడు ఒక అట్టడబ్బాను తెచ్చి ఇచ్చిపోయెను. అందులో నున్నది సరకులు మోయు రైలుపెట్టె నమూనా. అయితే అది పెట్టెగా లేదు, విడిభాగములుగా నున్నది. ప్లాస్టిక్కు గోడలు, కప్పు, అడుగు చట్రము, జారుడు తలుపులు, నిచ్చెనలు, వెంట్రుకవంటి బ్రేకు కడ్డీలు, చక్రములు, ఇరుసులు, కొక్కెములు, అంకెలును అక్షరములును అచ్చువేసిన పలుచని కాగితము, నాలుగు మడతల సూచనపత్రము. వీనిని కోసి, అరగదీసి, అతికించి, రంగు వేసి పెట్టెగా నిలుపవలసినవాడు దానిని కొన్నవాడే. ఇట్టి దానిని కిట్టు అందురు. ఈ మాటకు సంస్కృతపు తొడుగు వేయుటకు మేము కాలము వ్యర్థము చేయలేదు. కిట్టు అనియే అంటిమి.

అది అసలు పెట్టెకు 87వ వంతు. అనగా అసలు పెట్టెపై 87 అంగుళములున్నది నమూనాపై ఒక అంగుళ మగును. అమెరికాలో ఒకప్పుడు వాడుకలో నుండిన నలుబది అడుగుల సరకుపెట్టె ఈ లెక్కన 14 సెంటీమీటర్లకు దిగును. బొమ్మరైలుకు కూడ కొలత యుండవలెనను ఆలోచన నేటిది కాదు. జర్మనీ దేశపు మార్క్లిన్ సంస్థ 1891లోనే తన బొమ్మరైళ్ల పట్టాలకు వరుసగా కొలతలు నిర్ణయించినది. అందువలన ఒకనాడు కొన్న పెట్టె మరియొకనాడు కొన్న పట్టాలపై నడచుట సాధ్యమైనది. ఆనాటి నుండి రైలుబొమ్మ ఆటవస్తువుగా నుండుచునే కొలతకు లొంగిన వస్తువు కూడ అయినది.

తొమ్మిదవ తరగతివారు ఈ 87ను పట్టుకొని కనిపించిన దానినెల్ల భాగించిరి. పెరంబూరులో 1955లో ప్రారంభమైన కర్మాగారపు పద్ధతిలో కట్టిన ప్రయాణికుల పెట్టె సుమారు 21.3 మీటర్ల పొడవు, 3.25 మీటర్ల వెడల్పు ఉండును. వేసవిలో అమ్మమ్మ ఇంటికి పోవునపుడు మన పిల్లలలో చాలమంది ఎక్కినది ఈ పెట్టెయే. 87చే భాగింపగా 24.5 సెంటీమీటర్ల పొడవు, 3.7 సెంటీమీటర్ల వెడల్పు వచ్చినది. ఇంతవరకు ఎవరైనను చేయుదురు. తరువాత నమూనా పట్టాల నడిమి దూరమును కొలిచి, 16.5 మిల్లీమీటర్లని తేల్చి, దానిని 87చే గుణించిరి. 1,435 వచ్చినది. కాని మన రైలుమార్గపు వెడల్పు 1,676 మిల్లీమీటర్లు గదా! లెక్క తప్పినదని ఒక బాలిక మూడుసార్లు గుణించి చూచెను. లెక్క తప్పలేదు. 1,435 అనునది ప్రపంచములో పెక్కు దేశముల కొలత. మన దేశపు కొలత వేరు. మన పెట్టెను సరిగా 87వ వంతున చేసినచో దాని పట్టాల నడుమ 19.3 మిల్లీమీటర్ల ఎడముండవలెను. ఆ 16.5 మిల్లీమీటర్ల పట్టాలు సరిగా సరిపోవునది మన ఊరిలో 2011 అక్టోబరులో నడక మొదలిడిన నమ్మ మెట్రోకే, ఏలయన దాని మార్గపు వెడల్పు 1,435. ఈ సంగతి బయటపడిన నాడు ఆ గదిలో పుట్టిన సందడిని ట్యూషను గూర్చి అడిగిన పెద్దలు వచ్చి చూడవలసినది. నిష్పత్తి అను పాఠము వారి ఎదుటనే నడచిపోయినది, దానికి పాఠమని పేరు లేదు, అంతే.

ఇక భాష సంగతి. సూచనపత్రము చదువ మొదలిడగనే చిక్కు వచ్చినది. రెండు ట్రక్కులను అడుగు చట్రమునకు మరమేకులతో బిగింపవలెనని అందులో నుండెను. పిల్లలు డబ్బాను బోర్లించి లారీల కొరకు వెదకిరి. కిట్టు చేసినవారు లారీలు వేయుట మరచిరని ఒకడు తీర్పు చెప్పెను.

అమెరికావారి రైల్వే భాషలో ట్రక్కు అనగా పెట్టె క్రింద రెండు ఇరుసులును నాలుగు చక్రములును ఇమిడియుండు చిన్న చట్రము. అది పెట్టె క్రింద ఇటునటు తిరుగగలదు గనుకనే పొడవైన పెట్టె వంపులో సాగిపోవుచున్నది. అదే వస్తువును ఇంగ్లండువారును మన రైల్వే ఇంజనీర్లును బోగీ అందురు. కాని మన ఇండ్లలో బోగీ యనగా నేమి? ఎస్ 4 బోగీ ముందున్నదా వెనుకనున్నదా అని ప్లాట్‌ఫారముపై సామానుతో పరుగెత్తునప్పుడు మనము వెదకునది చక్రముల చట్రమును కాదు, మొత్తము పెట్టెను. కావున వస్తువు ఒకటి, దానికి రెండు పేర్లు, ఆ రెండు పేర్లును మన పిల్లవానికి చూపునది వేరు వేరు వస్తువులను. ఒకటి లారీని చూపును, రెండవది పెట్టెను చూపును. అసలు వస్తువు మాత్రము వాని అరచేతిలోనే పేరు లేక పడియున్నది.

ఈ ముడిని పరభాషలోనే విప్పుకొనుమని పదునాలుగేండ్ల పిల్లవానికి చెప్పినచో ఏమి చేయును? తెలిసినట్లు తల యూపి ముందుకు పోవును. ఆ తల యూపుటను ఉపాధ్యాయులమైన మేము ప్రతిదినము చూచుచున్నాము. పరీక్షలో దానికి మార్కులు కూడ ఒక్కొక్కప్పుడు వచ్చును. కాని చేతిలోని వస్తువు తల యూపినంతమాత్రమున బిగుసుకొనదు. "అది దేనిక్రింద నుండును? ఏమి తిరుగును? ఏది తిరుగదు?" అని తెలుగులో అడుగగనే నలుగురు ఒకేసారి ఆ ముక్కను చూపిరి. పేరు తరువాత పెట్టుకొంటిమి. చర్చ జరిగి, చక్రచట్రము అని స్థిరపడినది. అంతకంటె మంచి మాట ఎవరికైన తోచినయెడల మార్చుకొనుటకు అభ్యంతరము లేదు.

గౌరిబిదనూరు ప్రక్క పల్లెనుండి వచ్చిన బాలుడొకడు తరగతిలో నోరు విప్పడు. వాడు చక్రముల జతను చేతికి తీసుకొని "ఇది ఇరుసే గదా, సార్! కాని మా తాత బండిలో ఇరుసు తిరుగదు" అనెను. ఎంత సరియైన మాట! ఎద్దుబండిలో ఇరుసు కదలక నిలిచియుండును, చక్రము దానిపై తిరుగును. రైలులో రెండు చక్రములును ఇరుసునకు బిగింపబడి మూడును కలసి తిరుగును. అట్లయినచో వంపులో బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవుటెట్లు? దీనికి జవాబు చక్రపు అంచులోనున్నది. రైలుచక్రము పట్టాపై ఆను భాగము సమముగా నుండదు, లోపలివైపు లావుగాను బయటివైపు సన్నముగాను ఏటవాలుగా నుండును. వంపులో జత ఒక ప్రక్కకు జరుగగా బయటి చక్రము లావైన చోట ఆని నడచును, లోపలి చక్రము సన్నని చోట ఆని నడచును. ఈ ప్రశ్న పుట్టుటకు కావలసినది ఇరుసు అను మాట. ఆ మాట వాని తాత ఇంటిది. ఇంగ్లీషు పేరుతో ఆ ముక్కను వాని చేతికిచ్చియున్నచో తాత బండి వానికి జ్ఞప్తికి వచ్చియుండునా? రాదని నా నమ్మకము.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రదేశమున. అచ్చటి పుస్తకములలోని మాటలు వేరు, బెంగుళూరులో నా యెదుట కూర్చుండు పిల్లవాని ఇంటిమాట వేరు. వాని తెలుగులో కన్నడము పాలలో నీరువలె కలసియుండును. పుస్తకపు మాటయే మాట, మిగిలినది అపభ్రంశమనువారు మనలో నున్నారు. నేను వారి ప్రక్క చేరలేను. రైలును ధూమశకటమని వ్రాసిన పండితులుండిరి. జనులు పొగబండి అనిరి, రైలుబండి అనిరి. ధూమశకటము పుస్తకము దాటి రాలేదు. మన పిల్లలలో అనేకుల తండ్రులు వడ్రంగులు, తాపీపనివారు, ఇండ్లకు రంగు వేయువారు. ఆకురాయి, రంపము, బరమా, పట్టకారు, చిత్రిక, లప్పము, కుంచె, పూత వారి నోట ప్రతిదినము నలుగు మాటలు. వాచకములో వీనిలో ఎన్ని కలవు? పండుగలను గూర్చియు నదులను గూర్చియు కవులను గూర్చియు వాచకములో పాఠములున్నవి, ఉండవలసినవే. కాని పనిముట్టు పేరు లేని భాషను పిల్లవాడు పండుగనాటి పట్టుబట్టవలె పెట్టెలో దాచును, పని దినమున తొడుగుకొనడు.

మొదటి శనివారము గోడల అంచులను అరగదీయునపుడే ఈ తేడా తెలిసినది. అచ్చులోనుండి కోసి తీసిన ముక్కకు ఒక చిన్న బుడిపె మిగులును. దానిని ఆకురాయితో తీసి, గరుకు కాగితముతో నునుపు చేయవలెను. ఎక్కువ అరగదీసినచో సందు ఏర్పడును. ఏర్పడిన సందును ఏమి పెట్టి పూడ్చవలెనని నేను అడుగగా, వడ్రంగి కుమార్తె "మక్కు" అనెను, రంగుల మేస్త్రీ కుమారుడు "లప్పం" అనెను. ఇద్దరును పోట్లాడుకొనిరి. సూచనపత్రములో ఆ వస్తువు పేరే లేదు. సందులు రానీయకుడని మాత్రము ఉన్నది.

ఆ మక్కు అను మాట ఎచ్చటిదో ఆ పిల్లకు తెలియదు గాని, విజయవాడ చెంతనున్న కొండపల్లిలో అది బొమ్మల నిలుపు మాట. కొండపల్లి బొమ్మ ఒక్క దుంగలో మలచినది కాదు. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, చేతులు, తల, మొండెము విడివిడిగ చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికింతురు. అతుకులు నునుపు చేసి, సున్నపు పూత వేసి, ఆరిన పిదప రంగులు వేయుదురు. విడిభాగములు, అతుకు, సందుల పూడ్పు, మొదటి పూత, రంగు. మన కిట్టు పని వరుస ఇదియే గదా! అమెరికానుండి వచ్చిన డబ్బాలో మనము చూచినది మనకు తెలియని విద్య కాదు, తెలిసిన విద్యకు తెలియని పేర్లు.

మరియొక సంగతి. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కపూత వేసి చేసినవి. బెంగుళూరునుండి మైసూరు పోవు రైలుమార్గమున సుమారు 60 కిలోమీటర్ల దూరములో చన్నపట్టణమున్నది. అచ్చటివారు లక్కబొమ్మలకు వాడు కర్రను కన్నడములో ఆలె మర అందురు. రెండును ఒకే చెట్టు. ఒక చెట్టుకు రెండు భాషలలో రెండు పేర్లుండుట చేత దేనికిని నష్టము కలుగలేదు. చన్నపట్టణపువారు కర్ర రైళ్లు కూడ చేయుదురు. వీలు చిక్కినపుడు పిల్లలను తీసికొని పోవలెనని యున్నది.

అతికించుట గూర్చి ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది, ఏలయన ఇండ్లలో కొందరు పిల్లలు స్వయముగా ప్రయత్నించుచున్నారని విన్నాను. బడిలో కాగితమునకు వాడు తెల్ల బంక ఈ ప్లాస్టిక్కుకు పట్టదు. దీనికి వాడునది ప్లాస్టిక్కును పైపైన కరగించు ద్రావకము. రెండు అంచులును కరగి, ఒకటిలో ఒకటి కలసి గట్టిపడును. కావున చుక్కకంటె ఎక్కువ వేయరాదు. వ్రేలిముద్ర పడినచో గోడపై నిలిచిపోవును. కిటికీలు తెరచి, పెద్దలు దగ్గరనుండగా మాత్రమే చేయవలెను.

బరువు విషయములో పిల్లల తెలివి నాకు ముచ్చట గొలిపినది. ప్లాస్టిక్కు పెట్టె మిక్కిలి తేలిక. తేలిక పెట్టె వంపులో పట్టా తప్పును. 1935లో ఏర్పడిన అమెరికా దేశపు నమూనారైళ్ల సంఘము ఈ కొలత పెట్టెలకు ఒక లెక్క సూచించినది. మొదట ఒక ఔన్సు, ఆపై పెట్టె పొడవులో ప్రతి అంగుళమునకు అర ఔన్సు చొప్పున ఉండవలెను. అయిదున్నర అంగుళముల మన పెట్టెకు మూడుముప్పావు ఔన్సులు, అనగా సుమారు 106 గ్రాములు. పిల్లలు కిరాణాకొట్టు త్రాసుపై పెట్టెను తూచి, తక్కువైనంత మేరకు సైకిలు దుకాణములో పారవేసిన నట్లను తెచ్చి అడుగున అంటించిరి. బరువు అడుగుననే ఉండవలెనని, పైన పెట్టినచో పెట్టె తూలునని వాదించినవాడు భౌతికశాస్త్రములో 35 మార్కులకు కష్టపడువాడు.

రంగు వేయుట అన్నిటికంటె ఎక్కువ దినములు పట్టినది. నాకు ఈ భాగమే మిక్కిలి ఇష్టము. ముందు పెట్టెను సబ్బునీటితో కడుగవలెను. చేతి జిడ్డుపై రంగు నిలువదు. ఆరిన తరువాత బూడిదరంగు మొదటి పూత. అది లోపములను దాచుటకు కాదు, చూపుటకు. పూడ్చితిమనుకొన్న సందులన్నియు ఆ పూతలో బయటపడును. మరల లప్పము, మరల గరుకు కాగితము. తరువాత అసలు రంగు, నీరు కలిపి పలుచన చేసి, రెండు పూతలుగా, మొదటిది పూర్తిగా ఆరిన పిదపనే రెండవది. ఆషాఢమాసపు బెంగుళూరు ముసురులో ఆరుట యనునది మన చేతిలో లేదు. పిల్లలకు ఓపిక లేకపోయెను. ఆగలేక తాకి చూచినవాని వ్రేలిగుర్తు తలుపు మూలన ఇప్పటికిని కలదు. దానిని చెరుపనీయలేదు.

ఏ రంగు? కిట్టు డబ్బాపై పెట్టె ఇటుకరంగులో నున్నది. ఆ రంగు అమెరికా సరకుపెట్టెలకు వచ్చుటకు కారణము అందము కాదు. ఇనుపతుప్పు జాతి మన్నుతో చేసిన రంగు చౌక, ఎండకు వెలియదు. మన పల్లెలలో గోడల అడుగుభాగమునకు పూయు జాజు కూడ ఆ జాతి మన్నే. "అయితే జాజు వేయుదమా" అని అడిగిరి. జాజును ప్లాస్టిక్కుపై నిలుపుట కష్టమని, రంగు దుకాణమునుండి ఆ ఛాయనే తెచ్చి వేసితిమి. మన ప్రయాణికుల పెట్టెల రంగులను గూర్చి పిల్లలకంటె వారి తల్లిదండ్రులకే ఎక్కువ తెలియును. ముప్పది నలుబది ఏండ్ల క్రిందట అవి ముదురెరుపు. 1990ల నుండి నీలిరంగు వ్యాపించినది. జర్మనీ పద్ధతిలో కట్టు నేటి పెట్టెలు అనేకము ఎరుపు, బూడిద రంగులలో నున్నవి. నీలిపెట్టెలను కట్టిన పెరంబూరు పాత పద్ధతి పెట్టెల నిర్మాణము 2018లో నిలిచిపోయినది. మీ ఇంట నాయనమ్మ ఎక్కిన రైలు ఏ రంగుదో అడిగి వ్రాసుకొని రమ్మనగా, ఒక తరగతిలో మూడు రంగులు వచ్చినవి.

ఇక ఆ తండ్రి ప్రశ్నలోని పని సంగతికి వచ్చెదను. బెంగుళూరుకు రైలు వచ్చినది 1864లో, జోలారుపేట నుండి కంటోన్మెంటుకు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి విమానముల పని తగ్గగా, మన ఊరి హిందుస్థాన్ విమాన కర్మాగారము రైలుపెట్టెలు కట్టుటకు పూనుకొనినది. 1964లో ఏర్పడిన బి.ఇ.ఎం.ఎల్. సంస్థ ఆ పనిని అందుకొనినది. నమ్మ మెట్రో పెట్టెలను కూడ కట్టినది. 2024లో వందేభారత్ శయన రైలు మొదటి నమూనాను ఈ ఊరిలోనే చూపినది. యలహంకలో 1984లో ప్రారంభమైన కర్మాగారమునుండి దేశమంతటికి రైలు చక్రములును ఇరుసులును పోవుచున్నవి. మన పిల్లవాడు 87వ వంతున చేయుచున్న పెట్టె, పూర్తి కొలతలో, వాని బస్సు పోవు దారిలోనే తయారగుచున్నది. ఆ కర్మాగారములలో పని తెలుగులో జరుగదు. ఈ మాటను దాచి పెట్టను. పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.కి పోవు మన పిల్లవాడు పటమును ఇంగ్లీషులో చదువవలెను, తోటివానితో కన్నడములో మాట్లాడవలెను.

అందుకే తెలుగు కావలెనందును. పటములోని గీతను చూచి దాని వెనుకనున్న వస్తువును మనస్సులో త్రిప్పి చూడగలుగుట ఒక నేర్పు. ఆ నేర్పు భయము లేని భాషలో ముందు పుట్టవలెను. ఒకసారి పుట్టినయెడల ఏ భాషలోని పటమునైనను అది చదువును. 1937లో వార్ధాలో గాంధీ మహాత్ముడు విద్యను చేతిపనిద్వారా నేర్పవలెనని ప్రతిపాదించినపుడు, మాతృభాషయే బోధనభాషగా నుండవలెనను తీర్మానము కూడ ఆ సమావేశముననే వచ్చినది. ఆ రెండును ఒకచోట పుట్టుట కాకతాళీయము కాదని నా అభిప్రాయము. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సదుపాయము కలిగింప యత్నింపవలెనని 1956లో మన రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. ఆ అధికరణము గది నిచ్చును. గదిలో ఏమి చేయుదుమో అది వ్రాయదు.

తెలుగు నేర్చినచో ఇంగ్లీషు పోవునను భయము మాకు ఈ పనిలో కనబడలేదు. కనబడినది దానికి విరుద్ధము. సూచనపత్రమును తెలుగులో వ్రాయుటకు ఆరుగురు పిల్లలను నియమించితిమి. తెలియని మాటను దాటిపోవుటకు వారికి వీలులేకపోయెను, ఏలయన దాటినచో క్రింది తరగతివారు పెట్టెను కట్టలేరు. ఇంగ్లీషు వాక్యమును అంత పట్టుదలతో చదువుట వారి తరగతిలో నేనెన్నడును చూడలేదు. వారు వ్రాసిన వాక్యములు రెండు ఇచ్చట చూపుదును. "అంటించుటకు ముందు బంక లేకుండ ఒకసారి ఆనించి చూడుము, సరిపడనిచో బలవంతము చేయకుము, అరగదీయుము." "ఒక చక్రచట్రమును ఇటునటు తిరుగుటకు మాత్రము వీలుగా బిగింపుము, రెండవదానిని కొంచెము ఊగునంత వదులుగా నుంచుము. రెండును బిగువైనచో ఎగుడుదిగుడు పట్టాపై ఒక చక్రము గాలిలో తేలును." రెండవ వాక్యములో చెప్పిన కారణము మూలములో లేదు. బిగింపుము, వదులుంచుము అని మాత్రమే ఉండెను. కారణమును పిల్లలు పట్టాపై నడిపి కనుగొనిరి. ఈ పత్రమును మన కన్నడ ఉపాధ్యాయుల సహాయముతో కన్నడములోనికి కూడ మార్చి ప్రక్క పాఠశాలకు పంపవలెనని ఆ ఆరుగురే కోరుచున్నారు.

ఖర్చు గూర్చి పెద్దలకు కలిగిన సందేహము న్యాయమైనది. విదేశపు కిట్లు మనకు అందుబాటులో లేవు. మరియొకటి కొనుటకు నేనును ఒప్పుకొనను. కిట్టు ఒకసారి దారి చూపినది, చాలును. రెండవ పెట్టెను మనమే అట్టతో చేయుదము. పెండ్లి శుభలేఖల అట్ట గోడలకు సరిపోవును. చక్రములు, కొక్కెములు మాత్రము కొనవలసియుండును. దానికి పాఠశాల నిధి చాలును, ఇంటింటికి చందా వేయబోము. మైసూరులో 1979లో నెలకొల్పిన రైలు ప్రదర్శనశాలకు పోయి పాత పెట్టెలను కొలిచి గీసికొని వచ్చుటకు దసరా సెలవులలో ఒక దినము అనుకొనుచున్నాము. రాదలచినవారి తల్లిదండ్రులు ముందుగా చెప్పవలెను.

ఆ రెండవ పెట్టె బెంగుళూరునుండి కాకినాడకు పోవు శేషాద్రి ఎక్స్‌ప్రెస్సు పెట్టె కావలెనని పిల్లలు నిర్ణయించిరి. కొలతలు సిద్ధముగా నున్నవి. 24.5 సెంటీమీటర్ల పొడవున నీలిరంగు, కిటికీల వరుసపై లేతనీలపు పట్టీ. మిగిలిన చర్చ ఊరిపేర్ల బోర్డు గూర్చి. అసలు పెట్టెకు ఒక మీటరు బోర్డు ఉన్నదనుకొన్నచో నమూనాపై అది 11.5 మిల్లీమీటర్లు. అందులో బెంగళూరు అని కన్నడములోను, కాకినాడ అని తెలుగులోను వ్రాయవలెనని అందరును ఒప్పుకొనిరి. అక్షరము ఎత్తు ఒక మిల్లీమీటరుకు మించదు. ఆ కొలతలో రెండు లిపుల తలకట్లును కుంచె క్రింద ఒకే చుక్క యగుచున్నవి. మూడు వెంట్రుకల కుంచెతో ఎనిమిదవ తరగతివా డొకడు ప్రయత్నించుచున్నాడు. కాకినాడ వచ్చినది. బెంగళూరులోని ళకారము ఇంకను రాలేదు. సన్నని చేతివ్రాత గలవారు తరగతితో నిమిత్తము లేకుండ వచ్చే శనివారము మూడు గంటలకు ప్రయోగశాల ప్రక్క గదికి రావలెను.